ఇల్లు చూపించే మనిషి

ఆయన ఫొటో నేను మొదటిసారి చూసింది ఆయన పోయాకే.

మొన్న పొద్దున సరూర్‌నగర్ రైతుబజార్లో కూరగాయలు కొనుక్కుని ఆటోలో వస్తుంటే, మా సందు మలుపులో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు, మధ్యలో ఆయన ముఖం. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, భుజం పక్కన ఇంకెవరిదో పట్టుచీర అంచు మిగిలిపోయింది. ఆయన కెమెరా వైపు చూడనే లేదు. పక్కకి, గుమ్మం వైపు చూస్తున్నారు. సెల్‌ఫోన్ ఎవరైనా పైకెత్తితే చాలు, స్తంభం చాటుకి జరిగిపోయే మనిషిని తీసుకొచ్చి నిలువెత్తున వీధిలో వేలాడదీశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆటో ఆపించాను.

ఫొటో కింద పేరుంది. ఆ పేరు అంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాను. విన్నప్పుడు నమ్మలేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో కర్రీ పాయింట్. తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నేను ఒకప్పుడు ట్యుటోరియల్లో తెలుగు చెప్పేదాన్ని. అది మూతపడ్డాక మా ఆయన గరిటె పట్టారు, నేను కౌంటర్ పట్టాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. అన్నం గదిలో కుక్కర్లో పడేసుకుని, కూర మటుకు మా దగ్గర కొనుక్కుపోయే పిల్లలే మాకు దిక్కు.

మొదట్లో ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. డెబ్బై దగ్గర వయసు, సిమెంటు రంగు చొక్కా. టమాటా పప్పు ఒక పాకెట్ కొనేవారు. కొని వెళ్ళరే! స్తంభానికి వీపు ఆనించి, ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ నిలబడేవారు.

"ఏమండీ, కొనడం అయిపోయిందిగా? ఇంకా ఎందుకు నిలబడ్డారు?" అని ఒకరోజు ముఖం మీదే అడిగేశాను.

"నిలబడితె తప్పా అమ్మా?"

"నిలబడితే తప్పు కాదు. ఆ చూపే బాగాలేదు. ఆడపిల్లలు వచ్చే చోటు."

ఆయనకి కోపం రాలేదు సరికదా, నవ్వారు. "గా చూపుకే కదమ్మా, సర్కారు నాకు ఇన్నేండ్లు జీతమిచ్చింది" అన్నారు.

అలా మొదలైంది పరిచయం. ఏ డిపార్ట్‌మెంట్ అని అడిగితే, "యూనిఫాం లేంది" అన్నారు. పోలీసుల్లోనే, మఫ్టీలో తిరిగి జాడలు తీసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారట. అడవుల్లోంచి సిటీకి వచ్చి ఎవరింట్లోనో తలదాచుకునేవాళ్ళని కనిపెట్టడం ఆయన పని. అలాంటి ఇంటిని షెల్టర్ అనేవారట. పేరడిగితే నాకొక పేరు చెప్పారు. పక్క టైలర్‌కి ఇంకో పేరు చెప్పారని తర్వాత తెలిసింది. టీ కొట్టతనికైతే ఊరు కూడా మార్చేశారు. "ఇదేం పాడు అలవాటండీ, రిటైరయ్యాక కూడా?" అని దెప్పితే, "నోటికి అదే అలవాటైంది చెల్లె. అసలు పేరు చెప్పమంటే నోరు తిరగది" అన్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఏ పేరో తెలియనప్పుడు వరస పెట్టి పిలవడమే నయం కదా.

ఆయనకి కొన్ని పద్ధతులుండేవి. ఇంటికి రోజుకో సందులోంచి వెళ్ళేవారు. ఇల్లు రెండు సందుల అవతలే అయినా సరే. ఏ గుమ్మం ముందు నుంచి వెళ్ళినా అక్కడ విడిచిన చెప్పుల మీద ఒక చూపు పడాల్సిందే. నడుస్తున్నప్పుడు మాత్రం చచ్చినా వెనక్కి తిరగరు. పిలిచినా తిరగరు, అక్కడే ఆగి మనం ఎదురుగా వచ్చేదాకా చూస్తారు. ఒకసారి చిల్లర మర్చిపోయారని సందు చివరిదాకా పరిగెత్తాను, ఆయాసపడుతూ తిట్టాను కూడా. "ఎనుకకు తిరిగి చూసినోళ్ళనే మేము పట్టుకున్నం చెల్లె. గుండెల గుబులున్నోడే ఎనుకకు చూస్తడు. గా అలవాటు నాకు పడొద్దని మెడ గట్టిగ చేసుకున్న" అన్నారు.

మా కౌంటర్ ముందు నిలబడి ఆయన చెప్పే సంగతులు వినడానికి సరదాగా ఉండేవి, విన్నాక భయం వేసేది. "రోజు సాంబార్ తీసుకపోయే గుండ్రమొగం పిల్ల రేపటిసంది రాదు సూడు" అనేవారు. నిజంగానే రాదు, ఊరెళ్ళిపోయి ఉంటుంది. ఎలా తెలుసంటే, వారం మధ్యలో మంచి చెప్పులేసుకుంది కదా అంటారు.

"మనిషి పేరు దాస్తడు. మొగం దాస్తడు, మీసం గీకేస్తడు. కడుపును యాడ దాస్తడు చెల్లె? ఒక్కదాన్నే ఉంటున్న అని కిరాయికి దిగిన ఆడమనిషి ఇంట్ల రెండు పాల పాకెట్లు తెగినయంటే, లోపట ఇంకో నోరున్నట్టే. మా కాలంల కర్రీ పాయింట్లు లేకపాయె. ఉంటే నా పని సగం అల్కగ అయితుండె."

ఇలా అంటూ మా గిన్నెల వంక ఎంతో అభిమానంగా చూసేవారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది.

"సరే, కనిపెట్టారు. తర్వాత?"

"తర్వాత ఏముంది? నేను ఇల్లు చూపించేటోన్ని. తలుపు కొట్టేటోన్ని కాదు. అది వేరే బ్యాచ్."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ చేతులు దులుపుకున్నట్టు ఒక అరచేతిని ఇంకో అరచేత్తో తుడుచుకునేవారు. చేతికి ఏమీ అంటకపోయినా సరే.

మా కొట్టుకి ఎదురుగా నాలుగంతస్తుల బిల్డింగు. అన్నీ హాస్టల్ గదులే. డాబా మీద రేకులేసిన ఒంటి గది, దాన్ని ఇక్కడ పెంట్‌హౌస్ అంటారు. పోయినేడు ఎండాకాలంలో శ్రావణి అనే అమ్మాయి ఆ గదిలో దిగింది. గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను, ఒక్కదాన్నే ఉంటానని ఓనర్‌తో చెప్పింది. మా దగ్గర మొదట ఒక కూర కొనేది. రెండు వారాలయ్యేసరికి రెండు కూరలు, ఒక సాంబారు. నేనేమీ అనుకోలేదు. చదువుకునే పిల్లలకి ఆకలెక్కువ.

ఒకరోజు జనం పలచబడ్డాక వచ్చి, "ఆంటీ, రసం జర ఎక్కువ పోస్తరా, జ్వరమొచ్చింది" అంది. నిక్షేపంలా నా ఎదురుగా నిలబడి ఉంది. "ఎవరికి జ్వరం?" అన్నాను. అంతే, పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. వాళ్ళది పెద్ద అంబర్‌పేట్. తాతల నాటి పొలాలు, ఇప్పుడు ప్లాట్లు వేసి అమ్ముతున్నారు. తండ్రి ఆఫీసులో లెక్కలు చూసే ప్రవీణ్‌ని పెళ్ళి చేసుకుని వచ్చేసింది. కులం వేరు. గది దాటి బయటికి రాకుండా ఉంటున్నది ఆ ప్రవీణే. "మా అన్నలు చూసిండ్రంటే ఆయన్ని ఉంచరు ఆంటీ. నన్నైతే ఇంటికి తీస్కపోతరు, ఆయన్ని ఉంచరు" అంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళమన్నాను. అక్కడ తన తండ్రికి కుర్చీ వేసి మాట్లాడతారని చెప్పింది. వైజాగ్‌లో ప్రవీణ్ స్నేహితుడు ఉద్యోగం చూస్తున్నాడు, గది కుదరగానే వెళ్ళిపోతారు. అంతవరకూ ఎలాగో గడవాలి. ఇంత దగ్గర్లో ఉంటారని ఎవరూ అనుకోరని ఇక్కడ దిగారట.

నాకు అన్నయ్యగారి మాటలన్నీ, మీటర్ రీడింగ్ అని చెప్పి ఇళ్ళలోకి తొంగిచూసే కిటుకుతో సహా, గుర్తొచ్చాయి. "చూడమ్మా, ఇవాళ్టి నుంచి రెండేసి పాకెట్లు కొనకు. ఒక్కటే కొను, అందులోనే ఇద్దరికీ సరిపడా కడతాను. గ్యాస్ అన్నా, మీటర్ రీడింగ్ అన్నా తలుపు తీయకు. మీ గది మీటరు కింద మెట్ల దగ్గరే ఉంది, దానికోసం పైకెవరూ రారు" అని చెప్పి పంపాను. నేనేదో పెద్ద తెలివిగలదాన్నని ఆ రాత్రి మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం షట్టర్ సగం దించి గిన్నెలు సర్దుతుంటే అన్నయ్యగారు వంగి లోపలికి వచ్చారు. ఎన్నడూ లోపలికి రాని మనిషి. కుర్చీ గోడకి ఆనించి, తలుపు కనబడేలా కూర్చున్నారు.

"చెల్లె, ఎదురు బిల్డింగ్ మీది పిల్లకు పాకెట్ ముడి అంత పైకెందుకు వేస్తున్నవ్?"

నేను వినబడనట్టు గిన్నెలు సర్దుతూనే ఉన్నాను.

"అందరి పాకెట్లకు సగంల పడ్తది ముడి. గా పిల్లకు మూతి కాడ పడ్తున్నది. ఒక్క పాకెట్ల ఇద్దరి కూర కడ్తున్నవ్."

"పిల్ల బాగా తింటుంది. మీకేం నొప్పి?"

"పిల్ల నాయిన మొన్న మా ఇంటికొచ్చిండు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "పాత దోస్తు ఒకాయన తోల్కొచ్చిండు. పిల్ల యాడున్నదో ఎరుక చేస్తే చాలు, కూసోబెట్టి మాట్లాడి తీస్కపోతం అన్నడు. సరే చూస్త అన్న."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చూస్తానన్నారా? అంటే ఇన్నాళ్ళూ నా కొట్టు ముందు నిలబడి, టీ తాగుతూ, నా చేతి పాకెట్లే చూస్తూ వాళ్ళని వెతుకుతున్నారా మీరు? మాట్లాడి తీసుకెళ్తారట! ఆ మాట మీరు నమ్మారా?"

"నమ్ముడు నమ్మకపోవుడు నా పని కాదు చెల్లె. నేను ఇల్లు..."

"ఆ మాట మళ్ళీ నా ఎదుట అనకండి!"

అరిచేశాను. వెనక గిన్నెలు తోముతున్న మా ఆయన చెయ్యి ఆపేశారు. అన్నయ్యగారు అరచేయి తుడుచుకోబోయి, మధ్యలో మానేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"సైదాబాద్‌ల ఒక ఇల్లుండె" అని మొదలుపెట్టారు. "మొగుడు పెండ్లాం, పిల్లల్లేరు. ఆయన టైలర్. పొద్దుగాల పాలు ఎక్కువ పడుతుండె. తీగె మీద ఆరేసిన బట్టలల్ల ఒక అంగీ ఆ టైలర్‌ది కాదు, భుజం కొలత ఎక్కువున్నది. టైలర్ ఇంట్ల టైలర్‌కు సరిపోని అంగీ! నాకు మస్తు ఖుషీ అయింది చెల్లె. మా సార్‌కు ఇల్లు చూపించిన. ఇంటికి పోయి తిని పండుకున్న."

"తర్వాత?"

"ఒక్కరోజు గడిచినంక మూసారాంబాగ్‌ల చాయ్ తాగుతున్న. పేపర్ల ఫొటో వేసిండ్రు. అడివిల ఎదురుపడ్డడు, కాల్పులైనయ్ అని రాసిండ్రు. నేను సైదాబాద్ గల్లీల చూసిన మనిషి చెల్లె. పాల పాకెట్ కత్తిరియ్యరాక పండ్లతోని కొరుకుతుండె. గా మనిషి అడివికి ఎట్ల పోయిండో నన్ను ఎవలడిగిండ్రు? నేను ఎవల్నడగాలె?"

"రాత్రిళ్ళు నిద్ర ఎలా పట్టిందండీ మీకు?"

"మంచిగనే పట్టింది." నా ముఖంలోకి చూశారు. "అబద్ధమెందుకు చెప్పాలె? మంచిగనే పట్టింది. గిప్పుడు పడ్తలేదు. రిటైరైనంక, మొగం తెల్వని పోరగాళ్ళందరు కూర పాకెట్లు పట్టుకొని పోతుంటే చూస్తనే ఉంట. ఆపుదామంటే కండ్లు ఆగయి."

నాకు జాలి కలిగిన మాట నిజం. కానీ ఆ జాలి మీద ఆ పిల్లల ప్రాణాలు వదలలేను కదా. దగ్గరికి వెళ్ళి సూటిగా అడిగాను. "ఇవన్నీ నాకెందుకు? చెబుతారా, చెప్పరా? ఒక్క మాట చెప్పండి."

చెప్పలేదు. లేచి, షట్టర్ కింద నుంచి వంగి బయటికి వెళ్ళిపోయారు. వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రమే శ్రావణికి సంగతంతా చెప్పాను. పిల్ల ముఖం పాలిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్నారు. శుక్రవారానికి గానీ వైజాగ్‌లో గది ఖాళీ కాదు, ఎల్బీనగర్ నుంచి సాయంత్రం ప్రైవేటు బస్సుకి టికెట్లు దొరికాయి. శుక్రవారం దాకా ఎదురు బిల్డింగు మెట్లు ఎవరెక్కినా కట్టే పాకెట్ ఆపి అటే చూసేదాన్ని. మా ఆయన కూరలో ఉప్పు రెండుసార్లు వేశారు, నేను ఒక్కరోజూ పైకి అనలేదు. అన్నయ్యగారు మాత్రం మా కొట్టు వైపే రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. ఏమీ జరగనట్టే, "టమాటా పప్పు" అన్నారు.

"చెప్పేశారా?" గొంతు తగ్గించి అడిగాను.

"దొరకలేదని చెప్పిన."

"నిజంగానా?"

"నీ మీదొట్టు. నా సర్వీసుల ఇల్లు దొరకలేదని చెప్పుడు ఇదే మొదలు." అంత వయసు మనిషి సిగ్గుపడుతున్నారు. "నమ్మినట్టే ఉన్నరు."

ఆ సంతోషంలో పప్పు కడుతూ మామూలుగా అన్నాను. "మరి ఆ నల్ల బండి అబ్బాయి మీ మనిషేనా అన్నయ్యగారూ? పోయినవారం మీరొచ్చిన కాసేపటికి వచ్చేవాడు, మీరు వెళ్ళగానే వెళ్ళిపోయేవాడు. మీ ఇంట్లోవాళ్ళెవరైనా మీకు తోడు పంపారేమో అనుకున్నాను. ఇప్పుడు కూడా పాన్ డబ్బా దగ్గరున్నాడు."

ఆయన టీ గ్లాసుని కౌంటర్ మీద పెట్టేశారు.

"నల్ల బండా" అన్నారు. "నా ఎనుకనా?"

"మీ వెనకే."

ఆయన ముఖంలో రంగు పోవడం నా కళ్ళతో చూశాను. అందరి వెనకా నడిచిన మనిషి, తన వెనక ఎవరైనా నడుస్తారని అనుకోనే లేదు. వెనక్కి చూడకూడదని మెడని అంత గట్టిగా తయారుచేసుకున్నారు మరి. దొరకలేదని ఆయన చెప్పినా, దొరకని మనిషి అన్నిసార్లు ఒకే సందుకి ఎందుకు వచ్చాడని పిల్ల అన్నలకి అనుమానం వచ్చి ఉంటుంది. ఆయన మెల్లగా తల తిప్పి చూశారు. పాన్ డబ్బా దగ్గర అబ్బాయి ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు.

"నేనే చూపించిన చెల్లె" అన్నారు. "మల్ల నేనే చూపించిన."

"ఇప్పుడెలాగండీ? దేవుడా, సాయంత్రానికి బస్సు..."

"నువ్వు ఈడనే ఉండు. అడిగితే కూరల ముచ్చటే చెప్పు." పప్పు పాకెట్ చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి ఎదురు బిల్డింగు మెట్లెక్కేశారు. ఆ వయసులో రెండేసి మెట్లు.

ఆయన అటు వెళ్ళారో లేదో, బండి అబ్బాయి నా కౌంటర్ ముందుకొచ్చాడు. శ్రావణి ముక్కే, ఆ కళ్ళే. అన్న అని వేరే చెప్పక్కర్లేదు.

"అక్కా, గిప్పుడు గా ముసలాయన యే బిల్డింగ్‌ల జొచ్చిండు?"

"ఏం కూర కావాలి?"

"కూర వద్దు. ముసలాయన..."

"కూర వద్దంటే పక్కకి జరుగు బాబూ, లైనుంది."

"లైన్ల ఎవ్వల్లేరక్కా."

నిజమే, ఎవరూ లేరు. "వంకాయ వేడివేడిగా ఉంది, బెండకాయ ఫ్రై ఇప్పుడే దింపాం, గోంగూర పప్పు కూడా ఉంది" అని వరసగా చెప్పుకుపోయాను. గొంతు నాది కాదు. అతను నా వంక ఒకసారి చూసి, అటూ ఇటూ చూస్తుండగానే తెల్ల కారు వచ్చి సందు మూసేసినట్టు ఆగింది. అందులోంచి దిగినవాళ్ళతో కలిసి ఎదురు బిల్డింగులోకే వెళ్ళాడు. ఒక్కో అంతస్తులో హాస్టల్ గదుల తలుపులు బాదుతూ పోతున్నారు. పిల్లలు ఎవరు, ఎవరని కేకలేస్తున్నారు. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరం తలలెత్తి డాబా వైపు చూస్తూ ఉండిపోయాం. కింద నుంచి పిట్టగోడ తప్ప ఏమీ కనబడదు.

చివరి తలుపు బాదడం వినబడింది. మిగతా తలుపులకన్నా చాలాసేపు. తర్వాత గడియ ఊడి తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడు. నేను కళ్ళు మూసుకున్నాను.

పైన ఏం జరిగిందో మర్నాడు శ్రావణి వైజాగ్ నుంచి ఫోన్ చేసి చెప్పాకే పూర్తిగా తెలిసింది. ఆ మధ్యాహ్నం నాకు కనబడింది ఇంతే: కాసేపటికి ఆ అన్నా, అతని మనుషులూ తిట్టుకుంటూ దిగి, కారెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ వెంట పిల్ల లేదు. చాలాసేపటికి అన్నయ్యగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. పెదవి పగిలి నెత్తురు గడ్డం మీదికి కారింది.

పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. "ఏరండీ వాళ్ళు?"

"ఎవలు?" అన్నారు ఆయన.

ఏడుస్తున్నదాన్నల్లా నవ్వాను. కుర్చీ వేసి, కొంగు తడిపి నెత్తురు తుడిచాను. మా ఆయన పక్క కొట్టునుంచి ఐసు తెచ్చారు. ఆసుపత్రికి వెళ్దామంటే వద్దన్నారు. ఎదురు బిల్డింగు వైపు చూస్తూ అన్నారు.

"వాళ్ళను పంపి, లోపటికెల్లి గడియ పెట్టుకొని కూసున్న. ఎంతసేపు ఆపగలిగితే అంతసేపని. తలుపు సప్పుడు గింత పెద్దగుంటదని నాకు ఎరుకలే చెల్లె. లోపట కూసున్నోనికి."

ఐసు గుడ్డ ఆయన పెదవికి అద్దుతూ ఉన్నాను. కాసేపటికి ఆయనే లేచారు. "ఇంకో పప్పు కట్టు. అది ఆడ చినిగిపోయింది" అన్నారు. ముడి మూతి దగ్గర వేసి ఇచ్చాను. ఆయన దాన్ని చూశారు కానీ ఏమీ అనలేదు.

ఆ రోజు తిన్నగా తన ఇంటి దారినే వెళ్ళారు, వేరే సందులు తిరగలేదు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశారు. మళ్ళీ మా కొట్టుకి రాలేదు. తన వెనక వచ్చేవాళ్ళని మా గుమ్మం దాకా తేవడం ఇష్టంలేక మానేశారని నేననుకుంటున్నాను. ఒకటి రెండుసార్లు మెట్రో మెట్ల కింద కనబడ్డారు. పలకరించబోతే చూపు తిప్పుకుని వెళ్ళిపోయారు. అలా వెళ్ళేటప్పుడు కూడా ఒకసారి వెనక్కి చూసుకున్నారు.

శ్రావణి ఫోన్‌లో చెప్పింది ఇది. తలుపు చప్పుడైంది. "ఎవరు?" అని అడిగింది. బయట నుంచి, "మీటర్ రీడింగ్" అన్నారట!

వింటూనే నేను నెత్తి కొట్టుకున్నాను. ఒక్క క్షణం కూడా వృథా చేయకూడని చోట, ఆ మనిషి నోటికి అలవాటైన అబద్ధమే వచ్చింది. నేను నేర్పిన పాఠం ప్రకారం పిల్ల రెండో గడియ కూడా వేసేసింది. ప్రవీణ్ చేతికి దొరికిన కుర్చీ పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఆ తర్వాత చాలాసేపు ఏం సప్పుడు లేదాంటీ. పోయిండేమో అనుకున్నం. ఊపిరి మాత్రం వినొస్తుంది. మల్లొకసారి కొట్టిండు. 'బిడ్డా, మీటర్ కాదు. నేను అబద్ధం చెప్పిన' అన్నడు. మరి ఎవరు అన్న. ఆగిండు. ఆగి, ఆగి, పేరు చెప్పిండు. వాళ్ళ నాయిన పేరు, ఊరి పేరు చెప్పిండు. 'మీ నాయిన నన్నే పంపిండు. ఇల్లు నేనే చూపించిన. మీ అన్నలు కింద ఉన్నరు. తలుపు తియ్యి, ఎనుక పిట్టగోడ దాటితే పక్క బిల్డింగ్ మెట్లు వేరే గల్లీల దిగుతయ్' అన్నడు."

"మరి ఎలా తీశావే తలుపు? మీ నాన్న పంపిన మనిషినని ఆయనే చెబుతుంటే!"

"పేరు చెప్పనీకి గంతసేపు పట్టింది ఆంటీ ఆయనకి. మీటర్ అని మాత్రం టక్కున చెప్పిండు. అందుకే తీసిన."

ఆ పేరేమిటని అడిగాను. చెప్పింది. నాకు చెప్పిన పేరు కాదు, టైలర్‌కి చెప్పింది కాదు, టీ కొట్టతనికి చెప్పిందీ కాదు. "అదీ అబద్ధమేనమ్మా, ఆయన ఎవరికీ అసలు పేరు చెప్పరు" అన్నాను. ప్రాణాల మీదికి వచ్చిన వేళ కూడా ఈ మనిషి మారలేదు కదా అని మనసులో చిన్న కోపం కూడా వచ్చింది. ఏ పేరైతేనేం, పిల్లలు బతికి బయటపడ్డారు, చాలనుకున్నాను.

మొన్న ఫ్లెక్సీ ముందు ఆటో ఆపించి, ఆ పేరు చదివి, నడిరోడ్డు మీదే శ్రావణికి ఫోన్ చేశాను. ఇప్పుడు ప్రవీణ్ షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాడు, ఆ పిల్ల మళ్ళీ పుస్తకాలు పట్టింది. పేరు చదివి వినిపించాను.

"నేను చెప్పిన కదాంటీ" అంది. ఆటో అతను హారన్ కొడుతున్నాడు, కొత్తిమీర ఎండలో వాడిపోతోంది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఫ్లెక్సీ వానకి చిరిగిపోయేదాకా ఎవరైనా చదువుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆయన బతికుండగా ఆ పేరు తలుపుకి ఇవతల నిలబడి, లోపల వణికిపోతున్న ఇద్దరు పిల్లలకి చెప్పుకున్నారు. అది వాళ్ళ దగ్గరే ఉండాలి.